పిన్ను మీద ఎంత బరువుంది? భారీ క్రేన్ బూమ్ బిగింపులో ప్రమాదం ఎక్కడ పుడుతుంది

క్లుప్తంగా: పెద్ద క్రేన్‌ను సైటులో ముక్కలుగా తెచ్చి బిగిస్తారు, పని అయ్యాక మళ్లీ విప్పుతారు. ఈ రెండు దశల్లో లోడ్ చార్టు (ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే పట్టిక) గానీ, క్యాబిన్‌లోని కంప్యూటరు గానీ పూర్తిగా అక్కరకు రావు. నేల బలం, కౌంటర్ వెయిట్ (క్రేన్ వెనక పెట్టే సమతూకపు బరువు) ఎక్కించే వరుస, పిన్నులు (ముక్కలను కలిపే లావాటి ఉక్కు కడ్డీలు) తీసే వరుస, బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) నేల విడిచే మొదటి నిమిషాలు, గాలి అనే ఈ అయిదింటి మీదే భద్రత ఆధారపడుతుంది. వీటిలో పిన్నుల సంగతే ఎక్కువమందికి తికమక పెడుతుంది.

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు పనులు మొదలయ్యాక, 16వ నంబరు జాతీయ రహదారి మీద పొడవాటి ట్రైలర్లపై ఇనుప గొట్టాలతో అల్లిన చట్రాలు వెళ్లడం మామూలైంది. కరెంటు టవర్ ముక్కల్లా కనిపించే వాటిలో చాలా వరకు క్రాలర్ క్రేన్ల బూమ్ భాగాలే. 250 టన్నుల తరగతి క్రేన్ ఒక్కటి సైటుకు చేరాలంటే పదికి పైగా ట్రైలర్లు కావాలి. గొలుసు పట్టాల మీద నడిచే ఒళ్లు ఒక బండి మీద వస్తుంది. బూమ్ మొదలు, కొస, నడుమ పెట్టే ఇన్సర్టులు, కౌంటర్ వెయిట్ దిమ్మెలు, జిబ్ (బూమ్ కొసకు తగిలించే అదనపు చెయ్యి), హుక్ బ్లాకు (కప్పీలున్న కొక్కెం) ఇంకొన్ని బండ్ల మీద వస్తాయి. వీటన్నిటినీ కలిపి నిలబెట్టే ఒకటి రెండు రోజుల పనిని చాలాచోట్ల అసలు పనికి ముందుండే చిన్న తతంగంగా చూస్తారు. ప్రమాదం పొంచి ఉండేది మాత్రం ఆ రోజుల్లోనే.

చార్టు పలకని రోజు

పూర్తిగా బిగించిన క్రేన్‌కు లోడ్ చార్టు ఉంటుంది. ఇంత బూమ్, ఇంత దూరం, ఇంత కౌంటర్ వెయిట్ ఉంటే ఇన్ని టన్నులు ఎత్తవచ్చని అది చెబుతుంది. హద్దు దాటితే క్యాబిన్‌లోని లోడ్ మూమెంట్ ఇండికేటర్ మోగి యంత్రాన్ని ఆపుతుంది. బిగింపు జరిగేటప్పుడు క్రేన్ ఇంకా ఏ చార్టుకూ సరిపోని స్థితిలో ఉంటుంది. బూమ్ సగమే ఉంటుంది, సెన్సర్ల వైర్లు ఇంకా తగిలించి ఉండవు. యంత్రం ఆగిపోకుండా బైపాస్ తాళంచెవి తిప్పి నడుపుతారు. అంటే కాపలా లేని సమయం అది. అప్పుడు మాన్యువల్‌లోని వరుసే కాపలా.

2019 ఏప్రిల్ 27న అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక టవర్ క్రేన్‌ను విప్పుతుండగా అది రోడ్డు మీదికి కూలి నలుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు కార్లలో వెళ్తున్నవారు. టవర్ భాగాలను కలిపే పిన్నులను దాదాపు అన్నిటినీ ముందే తీసేశారనీ, గాలి తోడవడంతో అది నిలవలేదనీ దర్యాప్తులో తేలింది. ఒక్కో భాగాన్ని దించే ముందు దాని పిన్నులు మాత్రమే తీయాలి. పని త్వరగా తెమలాలని అన్నిటినీ ఒకేసారి వదులు చేస్తే, నిలబడి ఉన్న టవర్ పేర్చిన డబ్బాల దొంతరతో సమానం. మన దగ్గర 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక జిబ్ క్రేన్ పరీక్షలో ఉండగానే కూలి 11 మంది మరణించారు. రెండు సందర్భాల్లోనూ క్రేన్ రోజువారీ పనిలో లేదు.

ముందు నేల

బిగింపు నేలతో మొదలవుతుంది. ఒక టెలిస్కోపిక్ క్రేన్ (ఒకదానిలోంచి ఒకటి జారి పొడుగయ్యే బూమ్ ఉన్న క్రేన్) జాక్ మీద, అంటే దాన్ని నేలకు ఆనించే కాలు మీద, 40 టన్నులు పడుతున్నాయనుకుందాం. జాక్ అడుగు పళ్లెం 60 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే దాని వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 140 టన్నుల ఒత్తిడి. తడిసిన మెత్తటి బంకమట్టి మోయగలిగేది సుమారు 10 టన్నులు. కాబట్టి అలాంటి చోట జాక్ కింద కనీసం 2 మీటర్లకు 2 మీటర్ల ఆనిక కావాలి. అదీ వంగకుండా గట్టిగా ఉండాలి. పలచటి ఇనుప రేకు పరిస్తే అది పళ్లెం చుట్టూ గిన్నెలా వంగి, బరువంతా మధ్యలోనే దిగుతుంది. చెక్క స్లీపర్లు వాడితే రెండు వరుసలు అడ్డంగా నిలువుగా, సందు లేకుండా పేర్చాలి.

క్రాలర్ క్రేన్ పట్టాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి నేల గురించి చింత అక్కర్లేదనుకోవడం పొరపాటు. క్రేన్ సొంత బరువు 220 టన్నులు, రెండు పట్టాలు నేలను తాకే వైశాల్యం 18 చదరపు మీటర్లు అయితే సగటు ఒత్తిడి 12 టన్నులే. కానీ బూమ్ ముందుకు చాచి ఉన్నప్పుడు బరువంతా పట్టాల ముందు కొసకు చేరుతుంది. అక్కడి ఒత్తిడి సగటుకు రెండు మూడింతలు అవుతుంది. బూమ్‌ను నేల మీద నుంచి తొలిసారి లేపేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

ఈ రెండు జిల్లాల్లో నేల రెండు రకాలుగా మోసం చేస్తుంది. మూలపేట, నౌపడ వైపు ఉప్పుమళ్ల నేల ఎండకు పైన పెళుసుగా గట్టిపడుతుంది, కింద బురద అలాగే ఉంటుంది. మనిషి నడిస్తే తేడా తెలియదు, లారీ వెళ్లినా తెలియదు. విజయనగరం వైపు ఎర్రమట్టి ఎండలో రాయిలా ఉంటుంది, రెండు వానలు పడితే పట్టు వదిలేస్తుంది. ఇక కేబులు కోసమో మురుగు గొట్టం కోసమో తవ్వి పూడ్చిన కాలువలు ఏ నేలలోనైనా ఉచ్చులే. సైటు డ్రాయింగులో అవి ఎక్కడున్నాయో చూసి సున్నంతో గీత గీసిన తర్వాతే క్రేన్ నిలిపే చోటు ఖరారు చేయాలి.

మట్టం విషయంలోనూ ఉజ్జాయింపు పనికిరాదు. నిలువుగా ఉన్న 50 మీటర్ల బూమ్ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే కొస 87 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. బూమ్ గొట్టాలు నిలువు ఒత్తిడిని తట్టుకునేలా చేసినవి. పక్క వంపుకు అవి చాలా బలహీనం.

ముందు బూమా, ముందు దిమ్మెలా?

కౌంటర్ వెయిట్ దిమ్మెలన్నీ ముందే ఎక్కించేస్తే ఒక పని అయిపోతుందని అనిపిస్తుంది. ముందు వైపు బూమ్ బరువు లేకుండా వెనక వైపు దిమ్మెలన్నీ పేరిస్తే క్రేన్ వెనక్కి వాలిపోవచ్చు. పట్టాలను ఇంకా పూర్తి వెడల్పుకు చాచకుండానే పై భాగాన్ని పక్కకు తిప్పితే ప్రమాదం రెట్టింపు. అందుకే ఏ దశలో ఎన్ని దిమ్మెలు ఉండాలో, ఏ వైపు తిప్పవచ్చో మాన్యువల్ విడివిడిగా చెబుతుంది. దిమ్మెలు రెండు వైపులా సమంగా ఎక్కాలి. ఒక్కో దిమ్మె అయిదు నుంచి పది టన్నులు ఉంటుంది కాబట్టి దింపేటప్పుడు చేత్తో సర్దకూడదు. గైడ్ తాడుతోనే తిప్పాలి.

దిమ్మెలు, ఇన్సర్టులు అందించడానికి మన సైట్లలో ఎక్కువగా హైడ్రా అనే చక్రాల చిన్న క్రేన్ వాడతారు. 14 టన్నుల హైడ్రా అంటే ఎక్కడైనా 14 టన్నులు ఎత్తుతుందని కాదు. ఆ సామర్థ్యం బూమ్ ముడుచుకుని, బరువు ముందు చక్రాల దగ్గరగా ఉన్నప్పటిది. నాలుగైదు మీటర్లు చాచితే సగం కూడా మిగలదు. బరువు వేలాడుతుండగా మలుపు తిప్పితే అది పక్కకు ఒరుగుతుంది. 12 మీటర్ల ఇన్సర్టు బరువు రెండు మూడు టన్నులే అయినా, దాన్ని పట్టుకుని ఎగుడుదిగుడు నేల మీద నడిపించడం హైడ్రాకు కష్టమైన పని. ఇన్సర్టులు దిగే చోటు, బిగించే చోటు పక్కపక్కనే ఉండేలా ముందే ట్రైలర్లను నిలిపితే ఈ నడక చాలా తగ్గుతుంది.

పై పిన్నా, కింది పిన్నా

గొట్టాలతో అల్లిన లాటిస్ బూమ్‌లో రెండు ముక్కలు కలిసే ప్రతి చోటా నాలుగు పిన్నులు ఉంటాయి. పైన రెండు, కింద రెండు. అవి చూడటానికి ఒకేలా ఉన్నా మోసే బరువు ఒకేలా ఉండదు. ఇంకా ముఖ్యమైన సంగతి, అది బూమ్‌ను ఎక్కడ ఆనించారన్న దాన్ని బట్టి మారిపోతుంది.

రెండు గోడల మీద రెండు కొసలూ ఆనించిన వెదురు నిచ్చెనను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నడుమ కిందికి జారుతుంది. కింది వైపు సాగుతుంది, పై వైపు నొక్కుకుంటుంది. అదే నిచ్చెనను ఒక కొస గట్టిగా పట్టుకుని రెండో కొస గాల్లో ఉంచితే అంతా తిరగబడుతుంది. పై వైపు సాగుతుంది, కింది వైపు నొక్కుకుంటుంది. బూమ్ కూడా అంతే. మొదలు క్రేన్ ఒంటికి, కొస పెండెంట్లకు (బూమ్‌ను పైనుంచి పట్టి ఉంచే ఉక్కు తాళ్లు లేదా కడ్డీలు) వేలాడుతున్నప్పుడు నడుమ జాయింట్లలో కింది పిన్నులు లాగుడు మోస్తుంటాయి. అప్పుడు కింది పిన్ను కొట్టి తీస్తే, పై పిన్ను మడత బందులా మారి బూమ్ నడుమకు విరుచుకుని కిందికి పడుతుంది. బూమ్ కింద కూర్చుని పిన్ను కొట్టిన మనిషి మీదే పడుతుంది. పెండెంట్లను వెనక్కి తెచ్చి మొదటి ముక్కకు తగిలిస్తే, ఆ చోటు దాటి ముందుకు చాచుకున్న భాగంలో లాగుడు పై పిన్నులకు మారుతుంది. అక్కడ పై పిన్నులు తీస్తే ముందు భాగం ఊడి పడుతుంది.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2010లో తెచ్చిన క్రేన్ నిబంధనలు ఈ లెక్కను నాలుగు నిషేధాలుగా రాశాయి. పెండెంట్లు బిగువుగా ఉండగా పెండెంట్ల పిన్నులు తీయరాదు. పెండెంట్లు తగిలించిన చోటుకూ క్రేన్ ఒంటికీ మధ్య ఉన్న జాయింట్లలో, పెండెంట్లు బిగువుగా ఉండగా పైవీ కిందివీ ఏ పిన్నులూ తీయరాదు. బూమ్ కొస మాత్రమే నేలకు ఆని నడుమ గాల్లో ఉంటే, ఆ నడుమ జాయింట్ల పిన్నులు తీయరాదు. పెండెంట్ల చోటు దాటి ముందుకు చాచిన భాగం కింద పూర్తిగా ఆనిక పెట్టేవరకు దాని పై పిన్నులు తీయరాదు. వీటిని కాగితం మీద చదివితే చిక్కుగా ఉంటుంది గానీ, సైటులో సుద్దముక్కతో బూమ్ బొమ్మ గీసి చూపిస్తే అయిదు నిమిషాల్లో కళాసీలందరికీ పట్టుబడుతుంది.

పిన్ను తానే ఒక సూచన కూడా ఇస్తుంది. బరువు లేని పిన్ను గ్రీజు పట్టి ఉంటే చేత్తో తిప్పితే తిరుగుతుంది, సమ్మెటతో మెల్లగా తట్టినా కదులుతుంది. రెండు మూడు దెబ్బలకు కదలని పిన్ను మీద బరువుందని గట్టిగా అనుమానించాలి. అప్పుడు ఇంకా పెద్ద సమ్మెట తేవడం తప్పు. సాయం క్రేన్‌తో ఆ ముక్కను కొన్ని మిల్లీమీటర్లు ఎత్తడమో దించడమో చేస్తూ బెజ్జాలు కుదిరేలా చూడాలి. కుదిరిన క్షణంలో పిన్ను వదులవుతుంది. కుదిరిందా లేదా చూడటానికి బెజ్జంలో వేలు పెట్టడం ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. రెండు టన్నుల ముక్క అర సెంటీమీటరు జారినా వేలు తెగిపోతుంది. దానికి కొన సన్నగా ఉన్న ఇనుప కడ్డీ వాడాలి.

పిన్ను కొట్టే మనిషి బూమ్ కిందా, చట్రం లోపలా ఉండకూడదు. పక్కన బయట నిలబడి కొట్టాలి. పిన్ను ఎగిరి వెళ్లే దిక్కులో అవతల ఎవరూ ఉండకూడదు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు కొడితే పెచ్చులు లేస్తాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. పిన్ను పెట్టాక దాని లాక్ క్లిప్పు అప్పుడే పెట్టాలి. అన్నీ అయ్యాక ఒకేసారి పెడదామనుకుంటే ఒకటి రెండు మిగిలిపోతాయి. బూమ్ లేచాక ఆ లోటు నేల మీది వారికి కనిపించదు.

ఇన్సర్టుల వరుస

పొడవు కలిస్తే చాలు, ఏ ఇన్సర్టు ఎక్కడైనా పెట్టవచ్చనుకోవడం మరో పొరపాటు. 3, 6, 12 మీటర్ల ముక్కలు ఒకే కొలతలో కనిపించినా, కొన్ని క్రేన్లలో గొట్టాల మందం వేర్వేరుగా ఉంటుంది. పలచటి ముక్క మొదటి భాగానికి దగ్గరగా వెళ్తే అక్కడి ఒత్తిడికి అది నలుగుతుంది. పెండెంట్ల పొడవులు కూడా ఇన్సర్టుల వరుసను బట్టే కుదురుతాయి. ఎడమ కుడి పెండెంట్లు సమానంగా లేకపోతే బూమ్ మెలిపడుతుంది.

రవాణాలో గొలుసు బిగించి నొక్కిన చోట, ఫోర్క్‌లిఫ్టు కొమ్ము తగిలిన చోట సొట్టలు పడతాయి. ప్రధాన గొట్టం మీద సొట్ట ఉన్న ముక్కను వాడకూడదు. అక్కడికక్కడే వెల్డింగ్ చేయించడం ఇంకా ప్రమాదం. ఇవి వేడి చికిత్సతో బలం తెచ్చుకున్న ఉక్కు గొట్టాలు, మామూలు వెల్డింగ్ వేడికి ఆ బలం పోతుంది. పైకి అతుకు నున్నగా కనిపిస్తుంది, లోపల బలం సగానికి పడిపోయి ఉండవచ్చు. ముక్కను తయారీ సంస్థ పద్ధతిలో బాగు చేయించాలి, లేదా పక్కన పెట్టాలి.

బూమ్ నేల విడిచే నిమిషాలు

బూమ్ పడుకుని ఉన్నప్పుడు దాన్ని లేపే తాళ్లు దాదాపు దానికి సమాంతరంగా ఉంటాయి. లాగేది ఎక్కువ, ఎత్తేది తక్కువ. 60 మీటర్ల పొడవు, 20 టన్నుల బరువున్న బూమ్‌ను తీసుకుందాం. పెండెంటు బూమ్‌తో 15 డిగ్రీల కోణంలో ఉంటే దాని మీద సుమారు 39 టన్నుల లాగుడు పడుతుంది. కోణం 8 డిగ్రీలకు తగ్గితే అదే బూమ్‌కు 72 టన్నులు అవుతుంది. అందుకే మాస్టును (బూమ్‌ను లేపే తాళ్లను ఎత్తున పట్టే చట్రం) చెప్పిన ఎత్తుకు లేపి పిన్ను వేశాకే బూమ్ ఎత్తాలి. ఆ సమయంలో 2 టన్నుల హుక్ బ్లాకు కొసకు వేలాడితే, 8 డిగ్రీల దగ్గర అదొక్కటే మరో 14 టన్నులు కలుపుతుంది. హుక్ బ్లాకును నేల మీదే ఉంచి, బూమ్ లేచే కొద్దీ తాడు వదులుతూ వెళ్లాలి.

పొడవాటి బూమ్‌ను పట్టాల పొడవు దిక్కుగానే లేపాలి. పక్క దిక్కున లేపితే క్రేన్ తిరగబడే అంచు దగ్గరైపోతుంది. కొస నేల విడిచి ఒక మీటరు లేచాక ఆపి, నేల దిగిందా, పట్టాల వెనక భాగం లేచిందా, పెండెంట్లు సమంగా బిగిశాయా, కొస దగ్గరి వైర్లు ఎక్కడైనా తట్టుకున్నాయా చూడాలి. ఈ ఒక్క నిమిషం ఆగడం పెద్ద ప్రమాదాలను ఆపుతుంది.

తాడు చివర

తాడు చివరను ఆప్పుతో బిగించే ఉక్కు తొడుగైన వెడ్జ్ సాకెట్‌లో తాడు తిరగేసి పెట్టడం తరచుగా జరిగే తప్పు. బరువు మోసే తాడు సాకెట్ పిన్నుకు సూటిగా, ఒకే గీతలో ఉండాలి. తోక (తాడు మిగులు కొస) వాలు వైపు నుంచి బయటికి రావాలి. తిరగేస్తే తాడు సాకెట్ అంచు దగ్గర విరుగుతూ పనిచేస్తుంది. మామూలు తాడుకు తోక దాని వ్యాసానికి కనీసం ఆరింతలు, మెలి తిరగని రకం తాడుకు ఇరవై ఇంతలు ఉండాలి. తోకకు వేసే క్లాంపు తోకనే పట్టుకోవాలి. దాన్ని పని తాడుకు కూడా కలిపి బిగిస్తే బరువు వెడ్జ్ మీద కాకుండా క్లాంపు మీద పడుతుంది.

జిబ్ తెచ్చే చిక్కు

టెలిస్కోపిక్ క్రేన్ పక్కన మడిచి ఉంచే జిబ్‌ను తిప్పి కొసకు బిగించేటప్పుడు, బూమ్ కొస దగ్గరి పిన్నులు పూర్తిగా కూర్చున్నాకే పక్క బ్రాకెట్టు పిన్నులు తీయాలి. వరుస తిరగబడితే జిబ్‌ను పట్టుకున్నది ఏదీ ఉండదు. లఫింగ్ జిబ్ (కోణం మార్చుకోగల జిబ్) ఉన్న క్రేన్లలో దించడం మరీ సున్నితం. బూమ్‌కూ జిబ్‌కూ మధ్య కోణం చెప్పిన హద్దులో ఉండాలి. 2016 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో గాలికి భయపడి కిందికి దించుతున్న క్రాలర్ క్రేన్ వీధిలో పడి ఒకరు చనిపోయారు. జిబ్‌తో కలిపి 172 మీటర్లున్న బూమ్‌ను హద్దు కన్నా తక్కువ కోణానికి దించడమే కారణమని నగర దర్యాప్తు తేల్చింది.

జిబ్ బిగించాక ఎత్తే సామర్థ్యం కూడా తగ్గుతుంది. చార్టు 20 టన్నులు చూపిస్తున్నా, అందులోంచి హుక్ బ్లాకు 1.2, స్లింగులు షాకిళ్లు (బరువు కట్టే తాళ్లు, కొండీలు) 0.4, వాడకుండా కొసన ఉన్న జిబ్‌కు 2.5 తీసేస్తే ఎత్తగలిగేది 15.9 టన్నులే.

గాలి, తుపాను

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల బలంతో నెడితే, 20 మీటర్ల గాలి 25 కిలోలతో నెడుతుంది. వేసవి సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలి ఈ తేడాను నిమిషాల్లో తెస్తుంది. గాలిమీటరు బూమ్ కొసన ఉండాలి. నేల మీద ఆకు కదలకపోయినా అరవై మీటర్ల ఎత్తున గాలి బలంగా ఉండవచ్చు.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఈ తీరంలో నిలబెట్టే ప్రతి క్రేన్‌కూ బూమ్ పడుకోబెట్టే చోటు ముందే ఉండాలి. 84 మీటర్ల బూమ్‌కు 84 మీటర్లకు పైగా ఖాళీ నేల కావాలి. పని ముదిరే కొద్దీ ఆ చోటు పైపులతో, ఇనుముతో నిండిపోతుంది. తుపాను హెచ్చరిక వచ్చాక దాన్ని ఖాళీ చేయడానికి రోజులు ఉండవు. బిగించిన రోజే ఆ స్థలం చుట్టూ తాడు కట్టి, అక్కడ సామాను దించకూడదని రాసి పెట్టడం ఒక్కటే మార్గం.

ధ్రువపత్రం చెప్పనిది

బరువులెత్తే యంత్రాలను ఏడాదికి ఒకసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించాలన్నది ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నాటి నుంచి ఉన్న నియమం. కానీ ఆ ధ్రువపత్రం పోయిన నెల వేరే ఊళ్లో, వేరే పొడవు బూమ్‌తో ఉన్న క్రేన్ గురించి చెప్పవచ్చు. ఇవాళ ఇక్కడ బిగించిన పిన్నుల గురించి చెప్పదు. కాబట్టి ప్రతి బిగింపు తర్వాతా కొత్త పరీక్ష అవసరం. బూమ్ పొడవు, జిబ్ కోణం, కౌంటర్ వెయిట్, తాడు పాయల సంఖ్య కంప్యూటరులో సరిగ్గా ఎక్కాయా చూడాలి. హుక్ బ్లాకు కొసను తాకకుండా ఆపే స్విచ్‌ను చేత్తో ఎత్తి క్రేన్ ఆగుతోందా చూడాలి. ఆఖరున బైపాస్ తాళంచెవి తీసి సూపర్‌వైజరు జేబులో వేసుకోవాలి. అది క్యాబిన్‌లోనే ఉండిపోతే, మొదటిసారి అలారం మోగిన రోజే ఎవరో ఒకరు దాన్ని తిప్పేస్తారు.

ఆజ్ఞ ఇచ్చే నోరు కూడా ఒకటే ఉండాలి. ఇక్కడి సైట్లలో ఆపరేటరు హిందీ, సహాయకులు ఒడియా, రిగ్గర్లు (బరువులు కట్టేవారు) తెలుగు మాట్లాడటం మామూలే. ఓడరేవు పనుల్లో నలిగిన పాత కళాసీ దించమనడానికి ‘ఆరియా’ అంటే కొత్త ఆపరేటరుకు అది అర్థం కాకపోవచ్చు. అందుకే చేతి సైగలు అందరూ ఒకటే నేర్చుకోవాలి. ‘ఆపు’ అన్న సైగ మాత్రం ఎవరైనా ఇవ్వవచ్చు, దాన్ని ఎవరిచ్చినా ఆపరేటరు పాటించాలి.

విప్పే రోజు అన్నిటికన్నా అధ్వానం. పని అయిపోయి ఉంటుంది, అద్దె రోజువారీ లెక్కన పెరుగుతుంటుంది, ట్రైలర్లు గేటు దగ్గర నిలబడి ఉంటాయి. బిగించిన బృందం మరో సైటుకు వెళ్లిపోయి, పిన్నులు ఏ వరుసలో పడ్డాయో చూడని కొత్తవాళ్లు సమ్మెట పట్టుకుని నిలబడతారు. బిగింపు రోజునే ఒక్కో దశను ఫోటో తీసి, పెండెంట్లు ఎక్కడ తగిలించారో, సాయం క్రేన్ ఎక్కడ నిలబడిందో రాసి, ఆ కాగితాన్ని మాన్యువల్‌తో పాటు క్యాబిన్‌లోనే ఉంచితే, ఆ కొత్త బృందానికి తొలి పిన్ను ఏదో తెలుస్తుంది.